నీలమూ రవ్వా ఒకే నగలో ఉంటే: అతుక్కి ఇచ్చేముందు చూసుకోవలసినవి

ఉంగరం కమ్మి అరిగి ఒకచోట విరిగింది. నడుమ ఒక నీలం, దాని చుట్టూ పన్నెండు చిన్న రవ్వలు. చూడ్డానికి చిన్న అతుకే. కాస్త వెలిగారం పూసి, టంకం ముక్క పెట్టి, ఊదుగొట్టంతో మంట చూపిస్తే అరగంటలో తేలిపోయే పని. పాత నగలకు పెద్ద దెబ్బ తగిలేది ఆ అరగంటలోనే. మూడు తరాలు వేలికున్నా చెక్కుచెదరని రాయి, అతుకు పెట్టించుకుని ఇంటికొచ్చేసరికి మసకబారి ఉంటుంది.

కారణం రాళ్ల పుట్టుకలోనే ఉంది. వజ్రం అచ్చమైన కర్బనం. బాగా కాలితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైపొర మాడుతుంది, రాయి మీద పాలు పోసినట్టు తెల్లటి మసక కమ్ముతుంది. బంగారపు టంకం పారడానికి సుమారు 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. వజ్రం పైపొర మాడడం మొదలయ్యేది కూడా ఆ దరిదాపుల్లోనే. అందుకే పని తెలిసినవాళ్లు బోరిక్ పొడిని స్పిరిట్‌లో కలిపి, నగను అందులో ముంచి, స్పిరిట్‌ను అంటిస్తారు. స్పిరిట్ మండిపోయాక రాయి మీద తెల్లటి పొర మిగులుతుంది. మంట చూపించేటప్పుడు గాలిని రాయికి తగలనివ్వనిది ఆ పొరే.

నీలం సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అది అల్యూమినియం ఆక్సైడ్. ముందే ఆక్సిజన్‌తో కలిసి ఉన్న పదార్థం కాబట్టి మాడదు. కానీ కరిగిన వెలిగారం, బోరిక్ పొడి దాని పైపొరను తింటాయి. చల్లారాక భూతద్దంలో చూస్తే పలకల మీద సన్నని గుంటలు, గజిబిజి గీతలు కనిపిస్తాయి. తుడిస్తే పోవు, కడిగినా పోవు. మళ్లీ సానపట్టాలి, సానపడితే బరువు తగ్గుతుంది. కెంపు కూడా నీలం జాతిదే కాబట్టి దానికీ ఇదే గండం. వజ్రాన్ని కాపాడే పొడే నీలాన్ని తింటుంది. రెండూ పక్కపక్కన ఉన్న నగకు క్షేమమైన మంట అంటూ లేదు.

కాబట్టి అలాంటి నగకు ఉన్నవి రెండే దారులు. మంట పెట్టేముందు నీలాన్ని గూట్లోంచి తీసి, పని అయ్యాక మళ్లీ పొదగడం ఒకటి. లేజర్ వెల్డింగ్ రెండోది. లేజర్ వేడి సూదిమొనంత చోటే తగులుతుంది, రాయి పక్కనే ఉన్నా కాలదు. ఆ యంత్రం చిన్న ఊళ్ల కంసాలుల దగ్గర ఉండదు, పెద్ద ఊళ్లలో కొద్దిచోట్లే దొరుకుతుంది. అయినా పాత నగకు ఆ ప్రయాణ ఖర్చు దండగ కాదు. విరిగింది కమ్మి అడుగున, రాయికి దూరంగా అయితే రాయి భాగాన్ని తడిగుడ్డలో చుట్టి అతుకు పెట్టే పద్ధతీ ఉంది. కానీ గుడ్డ మధ్యలో ఆరిపోయినా, ఒకపక్క కాలిన రాయికి చటుక్కున చన్నీళ్లు తగిలినా నీలం లోపలి జీర పగులుగా మారుతుంది. పని పూర్తయిన నగను వేడివేడిగా నీళ్లలోనో ఆమ్లంలోనో ముంచే అలవాటు వల్ల పోయే రాళ్లు చాలా ఉన్నాయి. రాళ్లున్న నగ తనంతట తాను చల్లారాలి.

ఇంకో సంగతి ముందే చూసుకోవాలి. పాత నగల వెనక ఎవరో ఎప్పుడో సీసం, తగరం కలిపిన మెత్తటి టంకంతో అతికిన బూడిదరంగు ముద్ద కనిపించవచ్చు. దాన్ని పూర్తిగా గీకి తీయకుండా బంగారపు టంకం వేడి చూపిస్తే సీసం బంగారంలోకి ఇంకి లోహాన్ని పొక్కులు పొక్కులుగా తినేస్తుంది. అప్పుడు పోయేది అతుకు ఒక్కటే కాదు, నగ వెనకభాగమంతా పోతుంది.

ఈ నగలు వచ్చిన దారులు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలోని పాత నీలం, రవ్వల నగలు ఒకే చోటివి కావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోది. అందుకే ఇక్కడి పాత పెళ్లినగల్లో మద్రాసు బాణీ కనిపిస్తుంది: ఏడురాళ్ల దుద్దులు, బేసరి, రాళ్ల అడ్డిగ. పర్లాకిమిడి, జయపురం సంస్థానాల చుట్టుపక్కల కుందనపు పని ఎక్కువ. మూడో దారి సముద్రం మీదిది. గోపాలపురం, బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి కూలిపనులు, వ్యాపారాలు చేసుకున్నవాళ్లు ఈ తీరమంతా ఉన్నారు. జపాను సేనలు బర్మాలోకి వచ్చాక 1942లో వాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. ఇంట్లో ఉన్న నీలం "రంగం నుంచి వచ్చింది" అని చెప్పుకునే కుటుంబాలకు కొదవలేదు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ రంగం నుంచి వచ్చినంత మాత్రాన రాయి గనిలో పుట్టిందని కాదు. ఎందుకో కింద చూద్దాం.

నీలమంటే శని రాయి అన్న భయం ఈ నగల బతుకును చాలా మార్చింది. తాత పోయాక ఆయన నీలపు ఉంగరం ఎవరూ పెట్టుకోరు, పెట్టెలో పడి ఉంటుంది. ఇంట్లో ఏదైనా చెడు జరిగితే "ముందు దాన్ని వదిలించుకోండి" అంటారు. అదే పూరీలో చితాలాగి అమావాస్య నాడు దేవుళ్లకు పెట్టే చితాల్లో (నుదుటి ఆభరణాల్లో) జగన్నాథుడిది వజ్రం, బలభద్రుడిది నీలం, సుభద్రది మాణిక్యం అన్నది వాడుక. ఎవరి నమ్మకం వారిది. అయితే వదిలించుకోవాలనే తొందరలో ఉన్నవాళ్ల దగ్గర రాయికి ధరే కట్టరు. "కలిసిరాని రాయికి రేటేమిటమ్మా" అన్న మాటతో మంచి నీలాలు బంగారం తూకానికే చేతులు మారిపోతాయి. పెట్టుకోవడం, మానడం ఇంటివాళ్ల ఇష్టం. అమ్మేముందు మాత్రం అది ఏం రాయో తెలుసుకుని తీరాలి.

ముందు వెనక్కి తిప్పి చూడాలి

పాత నగను ముందువైపు చూసి చెప్పగలిగేది తక్కువ. తిరగేస్తే సగం చరిత్ర బయటపడుతుంది.

వెనక మూసి ఉంటే అది మూతగూడు. కుందనపు పనిలో గూట్లో లక్క నింపి, దాని మీద మెరిసే రేకు పరిచి, రాయిని కూర్చోబెట్టి, చుట్టూ మేలిమి బంగారపు రేకును ఒత్తి బిగిస్తారు. మేలిమి మెత్తన కాబట్టి మంట లేకుండానే ఒకదానికొకటి అతుక్కుపోతుంది. రాయి అంచున చిన్నచిన్న ఒత్తిళ్ల గుర్తులు భూతద్దంలో తెలుస్తాయి. ఈ పనిలో రాయి రంగు రాయిదే అనుకోకూడదు. వెలిసిపోయిన నీలం కింద నీలిరంగు రేకు పరిస్తే చిక్కటి నీలంలా కనబడుతుంది. స్ఫటికం కింద పరిచినా అంతే. నగను బాగా వాల్చి రాయి పక్కవాటు నుంచి చూస్తే అసలు రంగు కొంత తెలుస్తుంది: పైనుంచి ముదురుగా, పక్కనుంచి నీళ్లలా ఉంటే రంగు రేకుదే. ఒక మూల మాత్రం బూడిదగా, నల్లగా చచ్చిపోయినట్టు ఉంటే అక్కడ తడి దూరి రేకు నల్లబడిందని. రాయికి ఏమీ కాలేదు. ఈ తేడా తెలియక "రాయి చచ్చిపోయింది" అని మార్పించుకునేవాళ్లు ఉన్నారు. మార్చవలసింది రేకును, రాయిని కాదు.

వెనక తెరిచి ఉంటే వెలుగు రాయిలోంచి సాగిపోతుంది. ఇంగ్లీషు బాణీ పాత నగల్లో రవ్వలు వెండి గూట్లో, వెనకభాగం బంగారంలో ఉంటాయి. అప్పట్లో తెల్ల బంగారం లేదు. పసుపు లోహం వజ్రం తెల్లదనాన్ని చెడగొడుతుందని ముందువైపు వెండి వేసేవారు. ప్లాటినం వాడకం 1900 ప్రాంతం నుంచి, తెల్ల బంగారం 1910ల తర్వాత నగల్లోకి వచ్చాయి. "నూట యాభై ఏళ్ల నగ" అని చెప్పిన వస్తువు తెల్ల బంగారంలో ఉంటే ఆ లెక్క పొసగదు. చేత్తో చేసిన పనిలో ప్రతి రవ్వ వెనకా రంపంతో కోసిన రంధ్రం కాస్త వంకరగా, అంచులు పదునుగా ఉంటుంది. అచ్చులో పోసిన కొత్త నగలో రంధ్రాలన్నీ ఒకే తీరున, అంచులు మొద్దుబారి, లోపల చిన్న బుడగ గుంటలతో ఉంటాయి. "యాంటిక్" పేరుతో బజారులో అమ్మేవాటిలో చాలాభాగం ఈ రెండోరకమే. పాతబడినట్టు నల్ల మెరుగు పెట్టిన కొత్త నగలవి.

నీలాన్ని పోల్చుకోవడం

నీలం కాఠిన్యం, రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో 9. పాత నగల్లో దాన్ని గీసేది ముఖ్యంగా వజ్రమే. ఇందులోంచి ఒక పనికొచ్చే ఆనవాలు దొరుకుతుంది. పాత నగలన్నీ ఒకే పెట్టెలో కలిపి ఉంచుతారు కాబట్టి వజ్రాలు నీలాన్ని తగిలి తగిలి దాని పలకల అంచులు నలిగి, కాగితం అంచు అరిగినట్టు తెల్లగా కనిపిస్తాయి. నగంతా అరిగి, రాయిని పట్టి ఉంచే లోహపు గోళ్లు పలుచబడి, నడుమ నీలం అంచులు మాత్రం నిన్న సానపట్టినంత పదునుగా ఉంటే ఆ రాయి తర్వాత మార్చింది కావచ్చు. ఇది ఒక్కటే రుజువు కాదు, కానీ అనుమానపడడానికి చాలిన కారణం.

ఇక రంగం రాయి సంగతి. ఫ్రాన్సుకు చెందిన ఒగుస్త్ వెర్నోయ్ పొడిని మంటలో కరిగించి కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. అదే పద్ధతిలో నీలం 1910 ప్రాంతంలో వచ్చింది. గనిలో పుట్టిన నీలానికీ దీనికీ పదార్థం ఒకటే, కాఠిన్యం ఒకటే, బరువు ఒకటే. పుట్టుక మాత్రం కొలిమిలో. వేల మైళ్ల దూరం దాటి ఇవి రత్నాల బజార్లన్నిటికీ చేరాయి. తర్వాత రోజుల్లో తిరుచిరాపల్లిలో వీటిని సానపట్టడం పెద్ద కుటీర పరిశ్రమే అయింది. కాబట్టి 1920లలోనో 1930లలోనో కొన్న నగలో కృత్రిమ నీలం ఉంటే ఆశ్చర్యం లేదు. నగ నిజంగా పాతది, కానీ రాయి కొలిమిది. ఇంట్లో ఎవరూ మోసం చేయకపోయినా ఇలా జరుగుతుంది.

తేడా చూసే పద్ధతి ఇది. తెల్లటి పింగాణీ గిన్నెలో నీళ్లు పోసి, గూట్లోంచి తీసిన రాయిని అందులో వేసి, కింద తెల్ల కాగితం పెట్టి, పది రెట్ల భూతద్దంతో రకరకాల వైపుల నుంచి చూడాలి. గని నీలంలో రంగు పట్టీలు నిటారుగా, మూలలు తిరిగి, తేనెపట్టు గదిలా కోణాలుగా ఉంటాయి. కొలిమి నీలంలో ఆ పట్టీలు పాత గ్రామఫోను రికార్డు గీతల్లా వంపు తిరిగి ఉంటాయి, గుండ్రటి గాలిబుడగలూ కనబడవచ్చు. గని రాయిలో సన్నని పట్టుదారాల్లాంటి సూదులు ఒకదానికొకటి 60 డిగ్రీల కోణంలో కలుసుకుంటాయి. వేలిముద్రలాంటి మచ్చలు ఉంటాయి. అందుకే ఒక్క మచ్చ కూడా లేని పెద్ద నీలం కనిపిస్తే సంతోషపడేముందు అనుమానపడాలి.

ఒడిశా సరిహద్దులో ఇంకో రాయిని కూడా గమనించాలి. నీలం పెట్టుకోలేనివాళ్లకు ఉపరత్నంగా చెప్పే "నీలి" ఒడిశాలో కూడా దొరుకుతుంది, దాని పేరు అయోలైట్. కలహండి వైపు కెంపు, గోమేధికం, వైడూర్యం లాంటివి తవ్వే చోట్లు ఉన్నాయి కాబట్టి స్థానికంగా రాళ్లు అమ్మేవాళ్లు తిరుగుతుంటారు, నీలిని నీలంగా అమ్మడమూ జరుగుతుంది. పోల్చడం తేలిక. నీలిని ఒకవైపు నుంచి చూస్తే చక్కటి ఊదానీలం, పావుచుట్టు తిప్పి చూస్తే పసుపు కలిసిన నీళ్లరంగు. నీలంలో రంగు కొంత మారుతుంది గానీ అంతలా వెలిసిపోదు. బరువులో తేడా మరీ ఎక్కువ: నీలం సాంద్రత 4, నీలిది సుమారు 2.6. ఒకే కొలత ఉన్న రెండు రాళ్లను తక్కెట్లో పెడితే నీలి మూడింట రెండొంతులే తూగుతుంది. కాఠిన్యం 7 నుంచి 7.5 మాత్రమే కాబట్టి రోజూ పెట్టుకునే ఉంగరంలో కొన్నేళ్లకే మసకబారుతుంది.

రంగు పెంచిస్తామనే మాటకు ఒప్పుకోకూడదు. వెలిసిన నీలాలను 1,600 డిగ్రీల దరిదాపుల్లో కాల్చి రంగు తెప్పించడం 1970ల నుంచి శ్రీలంక రాళ్లతో పెద్దఎత్తున సాగుతోంది. అది వ్యాపారంలో ఒప్పుకున్న పద్ధతే, తప్పు కాదు. కానీ కాల్చని నీలానికి ఉన్న గిరాకీ వేరు. 1970కి ముందటి నగలో, మార్చని రాయి ఉంటే అది కాల్చనిది అయ్యే అవకాశం బాగా ఎక్కువ. ఒకసారి కాలిస్తే ఆ హోదా మళ్లీ రాదు. "కాశ్మీరు నీలం" అన్న మాటనైతే ల్యాబు కాగితం లేకుండా నమ్మకూడదు. పాడర్ లోయలో 1880ల మొదట్లో బయటపడిన ఆ గని మేలురాళ్లు కొద్ది ఏళ్లలోనే అయిపోయాయి. మయూరకంఠపు నీలం కనబడిన ప్రతిదీ అక్కడిది కాదు.

రవ్వల వయసు కోతలో ఉంటుంది

1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికేదాకా లోకానికి వజ్రాలిచ్చింది ప్రధానంగా మన కృష్ణా తీరపు గనులే. మహానదిలోనూ వజ్రాలు ఏరేవారు. సంబల్‌పూర్ దగ్గరి హీరాకుడ్ పేరుకు అర్థమే వజ్రాల దీవి. 1766లో క్లైవ్ పంపగా థామస్ మోట్ అనే ఇంగ్లీషు వ్యాపారి వజ్రాలు కొనడానికి సంబల్‌పూర్ దాకా వెళ్లాడు. దక్షిణాఫ్రికా గనులు 1860ల చివర మొదలయ్యాక రవ్వల నగలు మధ్యతరగతి ఇళ్లకూ వచ్చాయి. దక్షిణాదిలో ఇప్పటికీ వినబడే "బ్లూ జాగర్" అన్న మాట అక్కడి యాగర్స్‌ఫాంటీన్ గని పేరులోంచి వచ్చింది. తెలుపులో లేతనీలి ఛాయ ఉండే రాళ్లకు ఆ పేరు వాడేవారు. ఇప్పుడు ఏ మంచి తెల్లరాయినైనా అలాగే పిలుస్తున్నారు, కాబట్టి ఆ మాటకు అదనపు ధర ఇవ్వనక్కర్లేదు.

సానపట్టిన తీరును బట్టి రవ్వ వయసు అంచనా కట్టవచ్చు. పోల్కీ అంటే పలుచగా చీల్చిన, పెద్దగా పలకలు తీయని రాయి. గులాబీ కోత రాయికి అడుగు చదునుగా, పైభాగం గోపురంలా ఉంటుంది. ఈ రెండిటికీ మెరుపు వెనక రేకు నుంచే రావాలి. పాత గని కోతలో రాయి అంచు గుండ్రంగా కాక నాలుగుమూలలుగా, పైభాగం ఎత్తుగా, పై పలక చిన్నగా ఉంటుంది. అడుగు మొనను కూడా చదునుగా కోసేవారు కాబట్టి పైనుంచి చూస్తే రాయి నడుమ చిన్న గుండ్రటి కిటికీలా కనబడుతుంది. దాన్ని రంధ్రం అనీ, దోషం అనీ చెప్పి ధర తగ్గించేవాళ్లున్నారు. అది దోషం కాదు, పాతదనానికి సాక్ష్యం. పూర్తిగా గుండ్రని పాత యూరపు కోత 1890 నుంచి 1930 దాకా ఎక్కువ. ఇప్పటి కోతకు లెక్కలు కట్టినవాడు మార్సెల్ టోల్కోవ్స్కీ, 1919లో. పాత కోత రాళ్లు దీపం వెలుగుకు తయారైనవి, మెరుపు పెద్దపెద్ద తునకలుగా వస్తుంది. పాత కోతను కొత్తకోతగా మార్పిస్తే బరువు పోతుంది, వయసూ పోతుంది. "ఈ కటింగుకి రేటు లేదు" అన్న మాట స్థానిక బజారు మాటే. పాత కోతలను కోరి కొనేవాళ్లు ఉన్నారు.

ఇంట్లో చేసే పరీక్షల్లో చాలావాటికి విలువ లేదు. గాజును కోస్తే వజ్రమే అనడం తప్పు, నీలం కోస్తుంది, వజ్రానికి బదులు పెట్టే కృత్రిమ రాయి జిర్కోనియా కోస్తుంది, స్ఫటికం కూడా కోస్తుంది. పైగా రాయి అంచు పెచ్చు ఊడుతుంది. వజ్రం అన్నిటికంటే గట్టిదే, కానీ దానికి నాలుగు దిక్కుల్లో చీలే గుణం ఉంది. గోళ్లు బిగించేటప్పుడు పొరపాటున దెబ్బ పడితే పగిలేది అందుకే. వేడిని పసిగట్టే టెస్టరు పెన్ను జిర్కోనియాను పట్టేస్తుంది, వజ్రంలా కనిపించే ఇంకో కృత్రిమ రాయి మాయిసనైట్‌ను మాత్రం వజ్రమనే చెబుతుంది. చిన్న రవ్వల దగ్గర పెన్ను మొన లోహానికి తగిలినా తప్పు చెబుతుంది. జిర్కోనియా బజారుకు వచ్చింది 1976లో. కాబట్టి నిజంగా పాతదైన నగలో అది కనిపిస్తే ఆ రాయి తర్వాత మార్చిందే, సందేహం లేదు.

ల్యాబులో తయారైన వజ్రాలను వడకట్టే యంత్రం దగ్గర ఒక తిరకాసు ఉంది. గోల్కొండ రాళ్లలో పేరుపడ్డవాటిలో చాలా వరకు నత్రజని దాదాపు లేని రకం. ల్యాబులో పెంచిన వజ్రాలూ చాలావరకు ఆ రకమే. అందుకని యంత్రం ఆ పాత రాయిని కూడా "ఇంకా పరీక్షించాలి" అని పక్కన పెడుతుంది. దాన్ని నకిలీ అన్న తీర్పుగా తీసుకుని రాయిని చవగ్గా వదులుకోకూడదు. అసలు విలువైనది అలాంటి రాయే కావచ్చు. పెద్ద ల్యాబుకు పంపాలి. రంగురాళ్లకైతే జైపూర్‌లో ఇదివరకు జెమ్ టెస్టింగ్ లేబొరేటరీ అనే పేరున్న ల్యాబుకు (ఇప్పుడు ఐఐజీజే రీసెర్చ్ అండ్ లేబొరేటరీస్ సెంటర్) పేరుంది. కొరాపుట్ జిల్లా జయపురం కాదు, రాజస్థాన్ జైపూర్.

తూకం, కొలత

రాయిని తీయకుండానే బరువు అంచనా కట్టవచ్చు. మిల్లీమీటర్లు కొలిచే గేజి ఉంటే చాలు. గుండ్రటి వజ్రానికి వెడల్పును వెడల్పుతో, ఆ పైన లోతుతో గుణించి 0.0061తో గుణిస్తే కేరట్లు వస్తాయి. వెడల్పు 5, లోతు 3.4 ఉన్న పాత రాయి సుమారు 0.52 కేరట్, అంటే 52 సెంట్లు. కోలగా ఉన్న నీలానికి పొడవు వెడల్పుల సగటును ఆ సగటుతోనే హెచ్చించి, లోతుతో గుణించి, 0.008తో గుణించాలి. 8, 6 మిల్లీమీటర్లు, లోతు 4 అయితే సగటు 7, బరువు సుమారు 1.57 కేరట్లు. అడుగు బొజ్జగా ఉన్న సిలోను బాణీ నీలం ఇంతకంటే ఎక్కువే తూగుతుంది.

రతి లెక్కతో జాగ్రత్త. కంసాలి రతి 0.1215 గ్రాములు, 96 రతులైతే ఒక భరి, 11.66 గ్రాములు. ఒడియా బజార్లో భరి అన్నా తెలుగిళ్లలో పాత లెక్క తులం అన్నా అదే. రంగురాళ్లవాళ్ల రతి వేరు, సుమారు 0.91 కేరట్, అంటే 0.182 గ్రాములు. ఐదు రతుల నీలం ఒక లెక్కలో 3 కేరట్లు, ఇంకో లెక్కలో నాలుగున్నర. చీటీ మీద కేరట్లలోనో గ్రాముల్లోనో రాయించుకుంటే గొడవ ఉండదు.

కడగడం

తెరిచిన గూడు నగకు గోరువెచ్చని నీళ్లు, పలుచని కుంకుడు రసం లేదా సబ్బునీళ్లు, పిల్లల మెత్తటి బ్రష్ చాలు. వజ్రానికి జిడ్డు పట్టుకునే గుణం ఉంది. పసుపు, కొబ్బరినూనె, కుంకుమ రాయి వెనక పేరుకుని రవ్వ గుడ్డిదైపోతుంది, కాబట్టి బ్రష్ వెనకవైపు నుంచి పెట్టాలి. పళ్లపొడి, పేస్టు బంగారాన్ని గీస్తాయి. నిమ్మరసం, చింతపండు వద్దు: తర్వాత మార్చిన నీలం పగుళ్లలో సీసపు గాజు నింపి ఉంటే ఆ గాజును పులుపు తినేస్తుంది. మూతగూడు నగను అసలు ముంచకూడదు. తడి లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది, నీళ్లు మరీ వేడైతే లక్క మెత్తబడి రాయి కదులుతుంది. తడిచేసి పిండిన గుడ్డతో ముందువైపు తుడిచి వెంటనే పొడిగుడ్డ అద్దాలి. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి వెండిరేకు ఇంకా తొందరగా నల్లబడుతుంది, కాబట్టి ఒక్కో నగను విడిగా మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయాలి. విడిగా చుడితే నీలాన్ని వజ్రం గీయడమూ తప్పుతుంది. శబ్దతరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ తొట్టి మాత్రం జీరలున్న నీలానికి పనికిరాదు.

తాకట్టు, అమ్మకం

బంగారం మీద అప్పిచ్చేచోట రాళ్లకు విలువ కట్టరు. రాళ్ల బరువు, లక్క బరువు అంచనాగా తీసేసి మిగిలిన బంగారానికే అప్పు. కుందనపు నగలో లక్క ఎంత ఉందో బయటికి తెలియదు, అందుకే తీసివేత ఎక్కువగా ఉంటుంది. రాళ్లే విలువైన నగను తాకట్టు పెట్టడం నష్టం. ఏదో ఒకటి పెట్టక తప్పకపోతే రాళ్లులేని గాజులనో గొలుసునో పెట్టడం మేలు. స్వచ్ఛత చూసే యంత్రం కూడా లోహం పైపొరనే చదువుతుంది. మెరుగు పెట్టిన నగ మీద అది ఎక్కువ చూపిస్తుంది, వెనక అతుకుల దగ్గర తక్కువ. మూడు నాలుగు చోట్ల చూపించమని అడగాలి. పాత నగకు హాల్‌మార్క్ లేదని కంగారు పడనక్కర్లేదు: ఇంటి నగను హాల్‌మార్క్ లేకుండానే దుకాణానికి అమ్ముకోవచ్చు. దుకాణాలకు తప్పనిసరి చేసిన హాల్‌మార్కు నుంచి కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు కూడా ఉంది.

నూరేళ్లు దాటిన పనితనపు వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, వాటిని సొంతంగా దేశం దాటించడమే కుదరదు. విదేశాల్లో ఉన్న పిల్లలకు ముత్తవ్వ నగ పంపాలనుకునేవాళ్లు దాని వయసు కాగితం మీద తేల్చుకుని, నిబంధన తెలుసుకున్నాకే ముందుకెళ్లాలి.

కంసాలి చేతికి ఇచ్చేటప్పుడు

తరతరాలుగా నమ్మకమున్న కంసాలి అయినా లెక్క రాసుకోవడం అవమానం కాదు, మంచి పనివాడు తనే అడుగుతాడు. ఇచ్చేముందు నగ ముందూ వెనకా పగటి వెలుతుర్లో దగ్గరగా ఫొటో తీయాలి. మొత్తం బరువు మిల్లీగ్రాముల్లో, నీలం పొడవు వెడల్పులు, రవ్వల సంఖ్య చీటీ మీద రాయించాలి. నీలాన్ని తీసి అతుకుతారా, తీయకుండానా అన్నది అదే చీటీ మీద ఉండాలి. తీసిన నీలాన్ని పక్కన పెట్టి చూపించమనాలి. రాయిని ఆ ఒక్కసారే విడిగా చూడగలం కాబట్టి గిన్నెలో నీళ్ల పరీక్ష, తూకం అప్పుడే చేయించుకోవాలి.

వీటితోపాటు ఇంకొకటి: చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వెలుగులో నగకు ఒక ఫొటో. కొన్ని రవ్వలు నీలంగా వెలుగుతాయి, కొన్ని మసకగా, కొన్ని అసలు వెలగవు. పన్నెండు రవ్వల్లో ఏది వెలిగి ఏది వెలగలేదన్న వరుస ఆ నగకు వేలిముద్ర లాంటిది. రవ్వలన్నీ ఒకే తీరున వెలుగుతుంటే పాత నగలో అది అరుదు, రాళ్లు మార్చారేమోనని చూసుకోవాలి. పని పూర్తయి నగ చేతికొచ్చాక డబ్బు ఇచ్చేముందు దుకాణంలోనే తలుపు ఓరగా వేయించి అదే టార్చి మళ్లీ వేయాలి. నీలం పలకల మీద కొత్త మసక లేదని భూతద్దంలో చూసి, రవ్వలు వెలిగే వరుసను ఫోన్లోని ఫొటోతో ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి.